టీచరు గారిని అడగండి: బాల్టిమోర్ బోర్డు మీద పేరు

పోయిన నెల ఒక అమ్మాయి "మీకు బాగా నచ్చిన హెడ్‌మాస్టర్లు ఎవరు?" అని అడిగితే రెండు పేర్లు చెప్పాను. ఒకరు నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో హాజరు పట్టీ కొట్టివేతలు లేకుండా రాయడం నేర్పిన మా పెద్ద మాస్టారు. రెండోవారు ఫ్యానీ జాక్సన్ కాపిన్. మా మాస్టారి గురించి ఒక్కరంటే ఒక్కరూ అడగలేదు. కాపిన్ ఎవరండీ అని మాత్రం ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు బోలెడు వచ్చాయి. అందుకని ఈ నెల పేజీలన్నీ ఆవిడకే. అల్లుళ్ల అలకలు, పిల్లల ర్యాంకుల గురించి రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: టీచరు గారూ, మేము అమెరికాలో బాల్టిమోర్ దగ్గర ఎలికాట్ సిటీలో ఉంటాం. గుంటూరులో బీకాం చదివాను. పదమూడేళ్లుగా ఇంట్లోనే ఉన్నాను. ఇప్పుడు ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో నర్సింగ్ చదవాలని ఉంది. బాల్టిమోర్‌లో కాపిన్ స్టేట్ యూనివర్సిటీలో ఆ కోర్సు ఉంది. మీరు రాసిన కాపిన్, ఈ కాపిన్ ఒకరేనా? "ఈ వయసులో క్లాసులో కూర్చుంటావా" అని ఇంట్లో నవ్వుతున్నారు. — ఒక తల్లి, మేరీల్యాండ్

ఆవిడే అమ్మా. వెస్ట్ నార్త్ ఎవెన్యూలో మీరు చూసే బోర్డు మీద ఉన్నది ఆవిడ పేరే. 1900లో బాల్టిమోర్‌లోని నల్లజాతి పిల్లల హైస్కూల్లో టీచర్ ట్రైనింగు కోర్సుగా మొదలైన సంస్థ అది. 1926లో దానికి ఫ్యానీ జాక్సన్ కాపిన్ నార్మల్ స్కూల్ అని పేరు పెట్టారు. నార్మల్ స్కూలంటే మన ట్రైనింగు స్కూలే.

నాకు ఆవిడ పరిచయమైంది రిటైరయ్యాకనే. మా అబ్బాయి ఫిలడెల్ఫియాకు పడమటి వైపున ఎక్స్‌టన్‌లో ఉంటాడు. మనవరాలు పుట్టినప్పుడు ఆరు నెలలు వెళ్లి ఉన్నాను. ఒకరోజు కారులో పోతుంటే చేనీ యూనివర్సిటీ అని బోర్డు కనబడింది. చేను, చేనీ, ఇదేదో మన ఊరి పేరులా ఉందే అనుకుని, ఏమిటిది అని అడిగితే మావాడు "నల్లవాళ్ల పాత కాలేజీ అమ్మా" అని అక్కడితో ఊరుకున్నాడు. నాకు ఆగదు కదా. లైబ్రరీకి వెళ్లి వెతికితే ఆ కాలేజీ వెనక ఒక బడి, ఆ బడి వెనక ఈవిడ దొరికారు. చలికాలమంతా పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని ఆవిడ జ్ఞాపకాల పుస్తకం చదివాను.

ఫ్యానీ 1837లో వాషింగ్టన్‌లో బానిసగా పుట్టింది. తాతగారు కూడబెట్టిన డబ్బుతో ముందు తనను తాను కొనుక్కున్నాడు. తరవాత ఆరుగురు పిల్లల్లో నలుగురిని కొన్నాడు. ఫ్యానీ తల్లి లూసీని మాత్రం కొనలేదు. కారణం ఫ్యానీ పుట్టుకే అని ఆవిడే రాసుకుంది, అంతకుమించి వివరం ఇవ్వలేదు. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అన్నది అప్పటి చట్టం. చివరికి తల్లి తోబుట్టువు సారా ఆ పిల్లను విడిపించింది. ఇంగ్లీషులో అందరూ ఆంటీలే గనక నేను ఆవిడను సారా పిన్ని అంటాను. పిన్ని జీతం నెలకు 6 డాలర్లు. పిల్ల వెల 125 డాలర్లు. ఒక్క సెంటు కూడా ఖర్చు పెట్టకుండా దాచినా ఇరవై నెలలు దాటుతుంది. ఈ లెక్క నేను పుస్తకం అంచున పెన్సిల్‌తో వేసి, లైబ్రరీ పుస్తకమని గుర్తొచ్చి చెరిపేశాను.

విడుదలయ్యాక ఆ పిల్లను న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఊళ్లో ఇంకో బంధువు దగ్గరికి పంపారు. ఇళ్లలో పని చేస్తూ, పని లేనప్పుడు బడికి వెళ్లొచ్చు. కానీ బట్టలు ఉతికే రోజు బడి లేదు. ఇస్త్రీ రోజు లేదు. ఇల్లు కడిగే రోజు లేదు. ఇక మిగిలిన రోజుల్లో చదువు. అమ్మా, నేను ముప్ఫై నాలుగేళ్లు పిల్లల హాజరు చూశాను. నాట్ల రోజులు, పత్తి ఏరే రోజులు, తమ్ముడికి జ్వరం వచ్చిన రోజులు, ఆ గైర్హాజరు గళ్లన్నీ నాకు ఆ పేజీలో కనబడ్డాయి.

పద్నాలుగేళ్ల వయసులో న్యూపోర్ట్‌లో కాల్వర్ట్ దంపతుల ఇంట్లో పనికి కుదిరింది. జీతం నెలకు 7 డాలర్లు. కాల్వర్ట్ అంటే ఎవరనుకున్నారు? మీ బాల్టిమోర్‌కు పేరిచ్చిన బాల్టిమోర్ ప్రభువుల వంశం వాడు. ఆ జీతంలోంచే ఒక మాస్టారిని కుదుర్చుకుని, రోజు విడిచి రోజు గంట చొప్పున చదువుకుంది. చాటుగా పియానో కూడా నేర్చుకుంది. ఆ సంగతి బయటపడ్డప్పుడు ఇంటావిడ కోప్పడలేదు, అడిగితే పియానో ఇంట్లోనే పెట్టించేదాన్ని కదా అందట. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆవిడ ఫ్యానీని వదులుకోలేకపోయింది. అయినా ఆరేళ్లకు ఫ్యానీ అక్కణ్ణించి బయల్దేరింది, చదువుకుని తనవాళ్లకు చదువు చెప్పాలని.

రోడ్ ఐలాండ్‌లో నార్మల్ స్కూలు అయ్యాక 1860లో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కాలేజీలో చేరింది. నల్లవాళ్లనూ ఆడవాళ్లనూ చేర్చుకునే కాలేజీలు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అక్కడ ఆడవాళ్లకు ఒక తేలిక కోర్సు, మగవాళ్లకు లాటిన్, గ్రీకు, గట్టి లెక్కలతో ఇంకో కోర్సు. ఆడవాళ్లు రెండోది తీసుకోకూడదని నిషేధం లేదు, తీసుకోమని సలహా కూడా లేదు. ఆవిడ రెండోదే తీసుకుంది. బిషప్ పేన్ అనే నల్లజాతి మతాచార్యుడు ఏడాదికి 9 డాలర్ల స్కాలర్‌షిప్ ఇప్పించాడు. సారా పిన్ని మళ్లీ చెయ్యందించింది. అమెరికా అంతర్యుద్ధం జరుగుతున్న రోజులవి. దక్షిణం నుంచి విడుదలై వచ్చిన పెద్దవాళ్లు ఆ ఊళ్లో చేరుతుంటే వాళ్లకు రాత్రి బడి పెట్టి అక్షరాలు నేర్పింది. జీవితంలో మొదటిసారి పలక పట్టినవాళ్లు, మీకన్నా పెద్దవాళ్లు, పగలంతా పని చేసి వచ్చి కూర్చునేవాళ్లు.

డిగ్రీ 1865లో వచ్చింది. లెక్క సరిగా చూస్తే అప్పటికి ఆవిడకు ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో. ఆ కాలానికి అది ముప్ఫై ఎనిమిదితో సమానం. ఇంట్లో నవ్వేవాళ్లకు ఈ ముక్క చదివి వినిపించండి. చేరేముందు మాత్రం మీ బీకాం మార్కుల జాబితాకు అక్కడ విలువ కట్టించే పని మొదలు పెట్టండి, దానికి టైం పడుతుంది.

చదువు ఇంకో ఏడాదిలో ముగుస్తుందనగా ఫిలడెల్ఫియా నుంచి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల ఉత్తరం ఒకటి కాలేజీకి వచ్చింది. గ్రీకు, లాటిన్, పెద్ద లెక్కలు చెప్పగల నల్లజాతి స్త్రీ ఎవరైనా ఉన్నారా అని. ఉంది, ఒక సంవత్సరం ఆగండి అని ఇటునుంచి జవాబు వెళ్లింది. వాళ్లు ఆగారు. అలా ఇన్‌స్టిట్యూట్ ఫర్ కలర్డ్ యూత్ అనే బడిలో ఆడపిల్లల విభాగానికి పెద్దగా చేరి, నాలుగేళ్లకు 1869లో మొత్తం బడికి ప్రిన్సిపాల్ అయింది. 1902 దాకా అక్కడే. ముప్ఫై ఏడేళ్లు ఒకే బడి. మూడేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్ కౌన్సెలింగుకు సామాన్లు సర్దుకున్నదాన్ని, నాకు ఆ అంకె మీద కొంచెం అసూయ.

ప్రశ్న: అమెరికాలో తొలి నల్లజాతి మహిళా ప్రిన్సిపాల్ ఈవిడే అని ఇంటర్నెట్‌లో చదివాను. నిజమేనా అమ్మగారూ? అప్పటికి మన దేశంలో పరిస్థితి ఏమిటి? — విశ్రాంత లెక్కల మాస్టారు, తణుకు

లెక్కల మాస్టారు కదా, మీకు సరిగానే అనుమానం వచ్చింది. "మొట్టమొదటి" అనే మాట మనవాళ్లు శాలువా కప్పినంత తేలిగ్గా కప్పేస్తారు. న్యూయార్క్‌లో సారా గార్నెట్ అనే ఆవిడ 1863లోనే ప్రిన్సిపాల్ అయింది. ఓబర్లిన్‌లో బీఏ పట్టా పొందిన మొదటి నల్లజాతి స్త్రీ కూడా ఫ్యానీ కాదు, 1862లో మేరీ జేన్ ప్యాటర్సన్. ఆ ప్యాటర్సన్ కూడా ఫ్యానీ బడిలోనే పాఠాలు చెప్పి, తరవాత వాషింగ్టన్‌లో హైస్కూలు ప్రిన్సిపాల్ అయింది.

ఫ్యానీ విషయంలో అరుదైన సంగతి వేరు. అది చిన్నపిల్లల బడి కాదు, గ్రీకు చెప్పే ఉన్నత విద్యా సంస్థ. అందులో మగ మాస్టర్లు, మగపిల్లలు, ఆడపిల్లలు, అందరి మీదా ఒక స్త్రీని పెద్దగా కూర్చోబెట్టారు. అంతకుముందున్న ప్రిన్సిపాల్ ఎబెనిజర్ బాసెట్‌ను ప్రెసిడెంటు గ్రాంట్ హైతీ దేశానికి దౌత్యాధికారిగా పంపాడు. అమెరికా తరఫున ఆ స్థాయికి వెళ్లిన తొలి నల్లజాతీయుడు ఆయన. ఈ "తొలి" మీద అనుమానం లేదు, వేసుకోండి.

మన దగ్గర సంగతి అడిగారు. పుణెలో ఫూలే దంపతుల ఆడపిల్లల బడి 1848లోనే ఉంది. అంటే సావిత్రీబాయి బడిలో అడుగుపెట్టేసరికి ఫ్యానీకి పదో పదకొండో ఏళ్లు, బట్టలు ఉతికే ఈడు. మన వీరేశలింగం పంతులు గారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో. ఇంకో ముక్క చెప్పాలి. జోతీరావు ఫూలే 1873లో వేసిన "గులాంగిరి" పుస్తకాన్ని బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అంత దూరాన పుణెలో కూర్చుని ఆయన తలుచుకున్న ఆ విడుదల, ఇక్కడ ఫ్యానీ రాత్రిబడిలో పలక పట్టుకున్న పెద్దవాళ్ల విడుదలే. ఒకరి పేరు ఒకరికి తెలిసి ఉండకపోవచ్చు గానీ ఇద్దరూ చేసిన పని ఒకటే.

ప్రశ్న: మేడం, నేను తొమ్మిదో తరగతి. క్లాసులో నిలబడి సమాధానం చెప్పాలంటే నాకు చాలా టెన్షన్. కాపిన్ మేడంకు భయం వేసేది కాదా? — ఒక విద్యార్థిని, భీమవరం

వేసేది తల్లీ. ఓబర్లిన్‌లో పాఠం అప్పజెప్పడానికి లేచిన ప్రతిసారీ తన జాతి మొత్తం గౌరవం తన భుజాల మీదే ఉన్నట్టు అనిపించేదని రాసుకుంది. తప్పు చెబితే "ఫ్యానీకి రాలేదు" అనరు, "వీళ్లకు చదువు రాదు" అంటారు. నీ టెన్షన్‌లో నీ ఒక్కదాని బరువే ఉంది, ఆవిడది చూశావా?

తరవాత అదే కాలేజీలో జూనియర్లకు పాఠం చెప్పమన్నారు. అప్పటిదాకా నల్లజాతి విద్యార్థి ఎవరూ ఆ పని చేయలేదు. పిల్లలు ఎదురు తిరిగితే మాత్రం మేము బలవంతపెట్టం అని ముందే చెప్పారు. ఎవరూ ఎదురు తిరగలేదు. క్లాసు పెరిగి పెరిగి రెండు సెక్షన్లు చేయాల్సి వచ్చింది, రెండూ ఆవిడకే ఇచ్చారు.

ఇంత చదివి ఉద్యోగానికి ఫిలడెల్ఫియాలో దిగితే ఏమైందో తెలుసా? జోరున వాన. ట్రామ్ ఎక్కబోతే కండక్టర్ ఆపేశాడు, ఇది నల్లవాళ్లు ఎక్కే బండి కాదని. నల్లవాళ్లకు అని బోర్డు రాసిన బండి వచ్చేదాకా వానలో తడుస్తూ నిలబడింది. రెండేళ్లకు, 1867లో, ఆ తేడా చెల్లదని చట్టం వచ్చింది. దానికోసం పోరాడినవాళ్లలో ఆక్టేవియస్ కాటో ముందున్నాడు. ఆయన ఆ బడిలోనే చదివి అక్కడే మాస్టారైనవాడు. 1871 అక్టోబరు 10న, ఎన్నికల రోజున, నల్లవాళ్లు ఓటు వేయకుండా అల్లర్లు చేసినవాళ్లలో ఒకడు ఆయన్ని వీధిలోనే కాల్చి చంపాడు. అప్పటికి ఆవిడ ప్రిన్సిపాల్ అయి రెండేళ్లు. ఒక మాస్టారి కుర్చీ అలా ఖాళీ అయిన బడిని మర్నాటి నుంచి నడపాలి. అది ఎంత భయమో నేను ఊహించలేను.

నువ్వు రేపు ఒక్క ప్రశ్నకు లేచి చెప్పు, తప్పయినా సరే. చెప్పి నాకు రాయి.

ప్రశ్న: మేడం, నేను సిరిసిల్ల దగ్గర ఎస్జీటీని. మా ఆయనది హైదరాబాద్‌లో ప్రైవేటు జాబ్. పెళ్లయి ఏడాదైంది. "జీతం కోసం మొగుణ్ణి వదిలి ఉంటావా, రాజీనామా చెయ్" అని అత్తమ్మ ఒకటే పోరు. కాపిన్ గారికి పెళ్లయిందా? — ఒక టీచరు

అయింది బిడ్డా. వినదగ్గ సంగతే. ఆవిడ పెళ్లి 1881 డిసెంబరులో. అప్పటికి ఆవిడకు నలభై దాటాయి. పెళ్లికొడుకు లీవై జెంకిన్స్ కాపిన్ చర్చి పాస్టర్, ఆవిడకన్నా పదేళ్లకు పైగా చిన్నవాడు. ఊరివాళ్లు ఊరుకుని ఉంటారా? ఊళ్లన్నీ ఒకటే.

అప్పట్లో అమెరికాలో పెళ్లయిన టీచరు ఉద్యోగం మానేయడం మామూలు. ఈవిడ మానలేదు. ఆయన చర్చి బాల్టిమోర్‌లో, ఈవిడ బడి ఫిలడెల్ఫియాలో. కొన్నేళ్లు అట్లాగే గడిచాయి. చివరికి ఊరు మారింది ఆయన, ఫిలడెల్ఫియా చర్చికి. పెళ్లి తరవాత ఇంకో ఇరవై ఏళ్లు ప్రిన్సిపాల్‌గా ఉంది. అంతకుముందే, 1878 నుంచి, క్రిస్టియన్ రికార్డర్ అనే నల్లజాతి పత్రికలో స్త్రీల కోసం ఒక కాలమ్ కూడా రాసేది. ఈ పేజీలో నేను చేస్తున్న పనే. అందుకే ఆవిడంటే నాకింకొంచెం పక్షపాతం.

నా సంగతి కూడా చెబుతాను. మా ఆయన రాజమండ్రిలో బ్యాంకులో, నేను ఏటి అవతల ఊళ్లో. పదకొండేళ్లు బస్సులు, లాంచీలు. మా అత్తగారు మొదటి మూడేళ్లు మాట్లాడలేదు, నాలుగో ఏడు పండక్కి నా జీతంతో కొన్న గ్రైండర్ వచ్చాక మాట్లాడారు. నవ్వకండి, నిజం. ఆ దూరంలో పోగొట్టుకున్నవి కూడా ఉన్నాయి. మా పెద్దవాడు మొదటి అడుగు వేసింది నేను చూడలేదు. కాబట్టి "ఏం ఫర్వాలేదు" అని మీకు చెప్పను. ఈ గొడవ మధ్యలో మీరూ అత్తమ్మగారే ఉన్నారు, మీ ఆయన ఏమంటున్నారో ఒక్క ముక్క రాయలేదు. ముందు ఆయనతో కూర్చుని మాట్లాడండి. భార్యాభర్తలు ఒకచోట ఉండేందుకు బదిలీల్లో ఇచ్చే స్పౌజ్ పాయింట్లు ఆయనది ప్రైవేటు ఉద్యోగమైతే రావు గనక, ఆయనే మీ వైపు వచ్చే వీలుందేమో అడగండి. పాస్టర్ కాపిన్ గారు మారగా లేనిది.

ప్రశ్న: అమ్మా, నేను చీరాలలో మగ్గం నేస్తాను. మావాడికి పదిలో 600కు 431 వచ్చాయి. వాడు పాలిటెక్నిక్ అంటాడు, వాళ్లమ్మ ఇంటర్ ఎంపీసీ అంటుంది. మీ కాపిన్ గారు పేదపిల్లలకు గ్రీకు నేర్పిందని విన్నాను. గ్రీకు కూడు పెడుతుందా? — ఒక తండ్రి

గట్టి ప్రశ్న వేశావు నాయనా. ఈ ప్రశ్నతో ఆవిడే పదేళ్లకు పైగా కొట్టుకుంది.

ముందు గ్రీకు ఎందుకో విను. ఆ బడి కూడా ఆవిడ పుట్టిన 1837లోనే పుట్టింది, రిచర్డ్ హంఫ్రీస్ అనే క్వేకరు వీలునామాలో రాసిపోయిన 10,000 డాలర్లతో. నల్లవాళ్లకు మెదడు తక్కువ, వాళ్లు చాకిరీకే పుట్టారు అన్నది బానిసత్వాన్ని సమర్థించేవాళ్ల వాదన. గ్రీకు క్రియాపదానికి రూపాలు చెప్పగల నీగ్రోను చూపిస్తే నా అభిప్రాయం మార్చుకుంటా అని కాల్హూన్ అనే పెద్ద రాజకీయ నాయకుడు అన్నాడని చెప్పుకునేవాళ్లు. అందుకని గ్రీకే నేర్పారు. అది కూటి కోసం కాదు, నోళ్లు మూయించడానికి. ఏటా ఊరందరి ముందు పరీక్ష పెట్టేవాళ్లు, వచ్చినవాళ్లెవరైనా ప్రశ్నలు అడగొచ్చు. ఒకసారి బిరుదున్న ఇంగ్లీషు దొర ఒకాయన వచ్చాడు. మీరే అడగండి అని ఆవిడ క్లాసును ఆయనకు అప్పగించింది. నేను వీళ్లను పరీక్షించడం కాదు, వీళ్లే నన్ను పరీక్షించగలరు అని ఆయన తప్పుకున్నాడు. నాకు ఆ పేజీ చదివినప్పుడు మా డీఈవో ఆఫీసు ఇన్‌స్పెక్షన్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మా దగ్గర ప్రశ్నలు అడిగేవాళ్లు ఎప్పుడూ అలా తప్పుకోలేదు, టిఫిను అయ్యాకనే లేచేవాళ్లు.

ఇక కూడు సంగతి. 1876లో ఫిలడెల్ఫియాలో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది, అమెరికాకు నూరేళ్లు నిండిన సందర్భంగా. అందులో రష్యావాళ్లు పనిముట్లతో చదువు ఎలా చెప్పాలో చూపించారు. ఆవిడ కళ్లు అక్కడ పడ్డాయి. అప్పటికి ఆ ఊళ్లో ఎన్నో ఫ్యాక్టరీలు. కానీ తెల్ల పనివాళ్ల సంఘాలు నల్లపిల్లల్ని పనిలోకి రానివ్వవు, ఏ మేస్త్రీ దగ్గరా చేర్చుకోరు. ఆవిడ బోర్డు పెద్దల ముందు ఒక మాట అంది: ఈ ఊళ్లో నల్లపిల్లవాడు ఒక చేతిపని నేర్చుకోవాలంటే బాలనేరస్థుల శాల అయినా ఉండాలి, జైలైనా ఉండాలి, ఇంకెక్కడా వీలు లేదు. అంటే నేరం చేస్తే వడ్రంగం నేర్పుతారు, చేయకపోతే నేర్పరు.

బోర్డువాళ్లు మంచివాళ్లే గానీ నిదానస్తులు. ఆవిడ చర్చి చర్చికీ తిరిగి, మీటింగులు పెట్టి, చందాలు వసూలు చేసింది. చివరికి 1889 జనవరిలో పనుల విభాగం మొదలైంది. ఇటుక కట్టుబడి, గోడ పూత, వడ్రంగం, చెప్పులు కుట్టడం, అచ్చుపని, దర్జీపని, ఆడపిల్లలకు గౌన్లు, టోపీలు కుట్టడం, టైపు, షార్ట్‌హ్యాండ్, వంట, ఇలా పది దాకా పనులు. చేరతామని వచ్చినవాళ్లందరికీ చోటు చాలలేదు.

ఇక్కడ నీ దగ్గర ఒక తేడా గమనించు. మన దేశంలో చేతిపని పుట్టుకతోనే మెడకు చుట్టుకుంటుంది. నీ కొడుక్కి మగ్గం గుంటలో కాలు పెట్టమని ఎవరూ బడిలో నేర్పక్కర్లేదు, వద్దన్నా వస్తుంది. చదువే దూరం. అక్కడ నల్లవాళ్లకు పని కూడా దూరమే. అందుకే ఆవిడ పని కోసం అంత తపించింది. గ్రీకు తీసేసి ఇటుకలు పెట్టలేదు. గ్రీకు పక్కన ఇటుకలు పెట్టింది. ఆవిడ రిటైరయ్యాక వచ్చిన వాళ్లు పని చదువు వైపే మొగ్గారు, బడిని ఊరి నుంచి పాతిక మైళ్ల దూరంలో పొలాల్లోకి మార్చారు. అదే నేను బోర్డు చూసిన చేనీ. ఆ తరవాత అదీ పెరిగి యూనివర్సిటీ అయిందనుకో, అది వేరే కథ. కానీ గ్రీకును పక్కన పెట్టమని ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

మా బడిలో జరిగింది చెబుతాను. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా చేరేసరికి ఒక గది నిండా నాలుగు కుట్టుమిషన్లు, తలుపుకు తాళం. క్రాఫ్ట్ టీచరు రిటైరైతే పోస్టు నింపలేదు. మిషన్లు బయటికి తీస్తే స్టాకు రిజిస్టర్లో ఎవరి సంతకం అని పై ఆఫీసు అభ్యంతరం. రెండేళ్లు ఉత్తరాలు రాసి రాసి, మూడో ఏడు నా సంతకమే పెట్టి తాళం తీయించాను. రెండు మిషన్లకు బెల్టులు ఎలుకలు కొరికేశాయి. మిగిలిన రెండింటి మీద సాయంత్రాలు మా ఊరి దర్జీ భార్య నేర్పింది. దానికి నాకొక మెమో కూడా వచ్చింది. ఆ మెమో ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాను.

నీ ప్రశ్నకు జవాబు: వాడికి ఇష్టమైతే పాలిటెక్నిక్‌కే పంపు. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే ఇంజినీరింగ్ రెండో ఏడులో చేరొచ్చు, వాళ్లమ్మ కోరిక కూడా తీరుతుంది. టెక్స్‌టైల్ బ్రాంచి ఉందేమో కూడా అడగండి, నేత తెలిసిన పిల్లవాడికి అది బాగా పట్టుబడుతుంది. ఒక్కటి మాత్రం చెయ్యి. ఏ కోర్సులో చేరినా ఇంగ్లీషు చదవడం మానకుండా చూడు.

ప్రశ్న: మొన్న జూన్‌లో రిటైరయ్యాను. పొద్దున తొమ్మిదింటికి కాళ్లు వాటంతటవే బడి వైపు లాగుతున్నాయి. కాపిన్ గారు రిటైరయ్యాక ఏం చేశారు? — ఒక హెడ్‌మాస్టారు, ఖమ్మం

అరవై అయిదేళ్ల వయసులో ఓడెక్కింది మాస్టారూ. భర్త అప్పటికి బిషప్ అయి దక్షిణాఫ్రికాకు వేశారు. 1902లో బడి వదిలి ఆయనతో కేప్‌టౌన్ వెళ్లింది. అక్కడి ఆడవాళ్లను కూడగట్టి చర్చి తరఫు మిషనరీ సంఘాలు పెట్టించింది. ఆరోగ్యం దెబ్బతింది. ఫిలడెల్ఫియాకు తిరిగి వచ్చాక ఎక్కువగా ఇంట్లోనే. 1913 జనవరి 21న పోయింది.

ఆ చివరి ఏళ్లలో రాసినదే నేను చదివిన జ్ఞాపకాల పుస్తకం. అది కూడా 1913లోనే వచ్చింది. సగం తన కథ, సగం టీచర్లకు సూచనలు: చదవడం ఎలా నేర్పాలి, వ్యాకరణం ఎలా, భూగోళం ఎలా. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ పాఠం చెప్పకుండా తన కథ కూడా చెప్పలేదని మీకు తెలుసు. మీరూ రాయండి. ముప్ఫై ఏళ్లు టీచింగ్ డైరీలు రాసిన చెయ్యి ఊరికే ఉండదు.

పుస్తకం మొదటి పేజీలో అంకితం ఉంటుంది కదా. బిషప్ భర్తకు కాదు, క్వేకర్ల బోర్డుకు కాదు, సారా పిన్నికి. నెలకు 6 డాలర్ల జీతంలోంచి 125 డాలర్లు కూడబెట్టి తనను విడిపించిన పిన్నికి అని అంకెలతో సహా రాసింది.

పెన్షన్ గురించి కూడా అడిగారు. ఫైలు ఏ సీట్లో ఉందో మీరే వెళ్లి కనుక్కోండి, ఫోన్లో తేలదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం మరిచిపోకండి. నేను ఒకసారి మరిచి రెండు నెలలు కాగితాల మీద చచ్చిపోయాను.